“ఓట్లు ఎంచేది ఎప్పుడు?” – ఎన్నిక అంటే ఎంపికా, లెక్కా?

అందరికీ నమస్కారం. ప్రశ్న చిన్నదే. కానీ అది పుట్టిన చోటు చెప్పకపోతే అర్థం కాదు, కొంచెం ఓపిక పట్టండి.

ఈ 2024 ఉగాదికి ఊరెళ్ళాను. నంద్యాల దగ్గర పల్లె మాది. చదువుతున్నది హైదరాబాద్‌లో, ఎం.ఏ. ఎకనామిక్స్, అందుకే ఈ తెలుగు మాటల గుంపులో మీరు మాట్లాడుకుంటుంటే వినడమే తప్ప నోరెత్తను. పెరట్లో వేపచెట్టు విరగబూసి ఉంది. అవ్వ తెల్లారకముందే లేచి చెట్టు కింద ఒక ఫ్లెక్సీ పరిచింది. మార్చి 16న ఎన్నికల కోడ్ రాగానే ఊళ్ళో ఫ్లెక్సీలన్నీ పీకేశారు కదా, అందులో ఒకటి ఎలాగో మా ఇంటికి చేరింది. బొమ్మ ఉన్న వైపు నేలకు వేసి, తెల్లటి వైపు పైకి పెట్టింది. ఎందుకవ్వా తిప్పేశావు అంటే, “ఆయప్ప మొగం మీద రాలిన పువ్వు పచ్చట్లో వేసుకుంటామా?” అంది. ఆయప్ప ఎవరో చెప్పను, కోడ్ ఇంకా అమల్లో ఉంది.

ఇద్దరం ఆ పూతను చేటల్లోకి ఎత్తి, పుల్లలు, పండుటాకులు, చీమలు ఏరుతూ కూచున్నాం. కొమ్మల్లో ఎక్కడో కోయిల. (పేపర్లో ‘కోడ్ కూసింది’ అన్న హెడ్డింగ్ చూసినప్పటి నుంచి కోయిల కూసినా నాకు ఎలక్షన్ కమిషనే గుర్తొస్తోంది. ఆ శ్లేష మొదట కట్టినవాళ్ళకి దండం పెట్టొచ్చు గానీ, ఇప్పటికి బాగా అరిగిపోయింది.) అప్పుడు అవ్వ అడిగింది.

“ఓట్లు ఎంచేది ఎప్పుడు మే?” (మే అంటే నెల కాదు, మా వైపు ఆడపిల్లను పిలిచే మాట.)

నాకిదే మొదటి ఓటు. ఉత్సాహంగా “మే 13 అవ్వా” అన్నాను.

“అది వేసేది. ఎంచేది ఎప్పుడంట?”

“జూన్ 4.”

అవ్వ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. “ఇరవై రెండు దినాలు పెట్టెలో పెట్టుకోని కూచుంటారా! అంతలోకి ఊరగాయ ఊరి తినేకి వస్తాది.”

మా వైపు డబ్బులు ఎంచడం అంటే లెక్కపెట్టడమే. హైదరాబాద్ వచ్చిన కొత్తలో కిరాణా కొట్టు అబ్బాయికి నోట్లిచ్చి “ఎంచుకో అన్నా” అన్నాను. “ఏం ఎంచుకోవాలి మేడమ్?” అని వెర్రిగా చూశాడు. అంటే అతనికి ఎంచడం అంటే ఎంపిక, నాకు లెక్క. ఇప్పుడు నా ప్రశ్న: ‘ఎన్నిక’లో ఉన్నది ఏ ఎంచడం? మనం మే 13న చేసేదా, వాళ్ళు జూన్ 4న చేసేదా?

ఇంకో ఊహ కూడా ఉంది. తిట్టకండి. జొన్న కంకిని మా ఇంట్లో ఎన్ను అంటారు. తాత ఉన్నప్పుడు కోతలయ్యాక కళ్ళంలో బరువైన ఎన్నులు ఏరి, కట్ట కట్టి, విత్తనానికని దూలానికి వేలాడదీసేవాడు. అలా మంచి ఎన్నులు ఏరడంలోంచే ‘ఎన్నిక’ వచ్చిందేమో?

బెంగళూరు నుంచి ఒకరు:
మీ అవ్వగారి ప్రశ్న ఇక్కడ ఆటోడ్రైవర్‌కి కూడా అర్థమవుతుందండీ. కన్నడంలో ఎణిసు అంటే లెక్కపెట్టు. ఓట్ల లెక్కింపు రోజు టీవీల్లో ‘మత ఎణికె’ అని వేస్తారు. ఎణికె అంటే మన ఎన్నికే, కాస్త గొంతు మార్చుకుంది. తమాషా ఏమిటంటే, అసలు ఎన్నికల్ని మాత్రం వీళ్ళు ‘చునావణె’ అంటారు. అది ఉత్తరాది చునావ్ బాపతు మాట, అంటే ఏరుకోవడం.

చెన్నై నుంచి ఇంకొకరు:
అరవంలోనూ అంతే. ‘వాక్కు ఎణ్ణిక్కై’ అంటే ఓట్ల లెక్కింపు. ఎణ్ అంటే అంకె. ఎన్నికలకు మాత్రం ‘తేర్దల్’, అంటే ఎంచి తీసుకోవడం. చిన్నప్పుడు నేను తమిళ పేపర్లో ఎణ్ణిక్కై చూసి ఎన్నికలు అనుకునేవాణ్ణి. మా తమ్ముడింకా అలాగే అనుకుంటున్నాడు, నేనూ సరిచేయలేదు.

తెనాలి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మాయీ, ముందు నీ ఊహ సంగతి తేలుద్దాం. జొన్న ఎన్ను వేరు, ఈ ఎన్నడం వేరు. కంకికి వెన్ను అనే రూపం కూడా ఉంది. ధ్వని ఒకటైతే చుట్టరికం ఉన్నట్టు కాదు. ఆ లెక్కన ‘ఎన్ని’ అన్న ప్రశ్నను కూడా ఇందులోకి లాగాలనిపిస్తుంది, ఎలాగూ లెక్కకు సంబంధించినదే కదా అని. కానీ అది అన్ని, ఇన్ని, ఎన్ని అన్న వరసలోది. ఏది, ఎవరు, ఎప్పుడు దాని చుట్టాలు. మీ తాతగారు దూలానికి కట్టిన ఎన్నులు మాత్రం బాగున్నాయి, వాటిని వ్యుత్పత్తిలోకి దించకుండా అక్కడే వేలాడనిద్దాం.

ఇక అసలు మాట. ఎన్ను, ఎంచు రెండూ ఒకే పాదు. మొదటి అర్థం లెక్కించడమే. పైన ఇద్దరు చెప్పిన కన్నడ, తమిళ మాటలే సాక్ష్యం. ఈ క్రియను మనం మర్చిపోయామని అనుకుంటాం గానీ, మూడో తరగతి పిల్లవాడి నోట కూడా ఉంది. “తప్పులెన్నువారు తండోపతండంబు” అన్నాడు వేమన. తప్పులు ఎన్నడం అంటే తప్పుల్ని ఎన్నుకోవడమా? కాదు గదా. ఒకటి, రెండు, మూడు అని లెక్కబెట్టడం. ఆ పద్యం చెప్పించేటప్పుడు నేను పిల్లల చేత వేళ్ళు ముడిపించేవాణ్ణి.

మరి లెక్కించడం గౌరవించడంగా, అక్కణ్ణుంచి ఎంపికగా ఎలా మారింది? ఇందులో వింత లేదు. “వాడు నన్ను లెక్కచెయ్యడు” అంటాం. వాడికి కూడికలు రావని కాదు దానర్థం. సంస్కృతం వైపు చూసినా గణన నుంచే పరిగణన, గణనీయం వచ్చాయి. లెక్కలోకి తీసుకున్నామంటే విలువ ఇచ్చామన్నమాట. ‘ఎన్నదగిన మనిషి’ అంటే లెక్కలోకి తీసుకోదగ్గవాడు. పదిమందిని లెక్కిస్తూ పోతే వేలు ఎవరి దగ్గర ఆగిందో వాడే ఎన్నికైనవాడు. కాబట్టి నువ్వు మే 13న చేసేదీ ఎన్నడమే, వాళ్ళు జూన్ 4న చేసేదీ ఎన్నడమే. మీ అవ్వ పాత అర్థం వాడింది, నువ్వు కొత్త అర్థం విన్నావు.

సిద్దిపేట నుంచి ఒకరు:
ఇవన్నీ సరే గని, మా దిక్కు ఎన్నిక అనే మాట టీవీల వినుడే. మేం ‘ఓట్లు’ అంటం. “ఓట్లొచ్చినయ్”, “ఓట్లప్పుడు చూద్దాం తియ్”, “పోయిన ఓట్ల కంటె ముందు”. అంతే. మాకైతే ఆరు నెలల్ల ఇది రెండోసారి. నవంబర్ 30న అసెంబ్లీకి వేసినం, మళ్ళ మే 13న పార్లమెంటుకు. లెక్కబెట్టుడు మాత్రం అప్పుడు మూడు దినాలకే, డిసెంబర్ 3న అయిపోయింది. దేశం మొత్తం ఏడు విడతలంటే జూన్ 1 దాకా ఎవరో ఒకరు వేస్తనే ఉంటరు, అందుకే గీ ఆలస్యం. చెల్లె, అవ్వకు గీ ముచ్చట చెప్పు.

ఇంకోటి. మీరంత వేపపూత అంటున్నరు. మా గుట్టల మీద హోలీకి ముందే మోదుగులు పూసినయ్. ఆకు ఒక్కటి లేదు, చెట్టంత ఎర్రగ. గా పూలు ఉడకబెట్టి రంగు చేస్తుండె మా నాయన. అదే రోడ్డు మీద ప్రచారం జీపులు తిరుగుతున్నయ్, మూడు రంగుల కండువాలు. మోదుగుకు ఏ పార్టీ అని మా పోరడు అడిగిండు. ఏమని చెప్పాలె.

(‘ఓటు’ మీద కూడా ఎవరన్న రాయండ్రి. ఓటి కుండ, ఓటమి మన మాటలే. ఇంగ్లీషు ఓటు వచ్చి వాటి పక్కన కూసున్నది. గెలవనీకి వేసేదానికి గా పేరేంది?)

విశాఖ నుంచి ఒక డెస్క్ జర్నలిస్టు:
మాస్టారి మాటకు ఒక మెలిక పెడతాను, ఏమనుకోకండి. మేం రోజూ వాడే తేడా ఒకటుంది. ఓట్లతో వచ్చిన పదవికి ‘ఎన్నికయ్యారు’, కమిటీ కూచుని ఇచ్చినదానికి ‘ఎంపికయ్యారు’. అవార్డుకు ఎన్నికయ్యారని రాస్తే మా చీఫ్ సబ్ ఎడిటర్ కొట్టేస్తారు. అలాగే ప్రజలు ప్రభుత్వాన్ని ఎన్నుకుంటారు, పెళ్ళికి చీర ఎంచుకుంటారు. ఒకే పాదు నుంచి వచ్చిన రెండు మాటలు పని పంచుకున్నాయి.

అయితే మొన్న ఏప్రిల్ 22న సూరత్ లోక్‌సభ స్థానంలో ఏమైంది? ఒకరి నామినేషన్ చెల్లలేదు, మిగతావాళ్ళు తప్పుకున్నారు, పోలింగే లేకుండా ఒకాయన గెలిచారు. మేం ‘ఏకగ్రీవంగా ఎన్నిక’ అనే రాశాం. అక్కడ ఓటరు ఎన్నుకున్నదీ లేదు, అధికారులు ఎన్నిందీ లేదు. లెక్కే లేని చోట ‘ఎన్నిక’ ఏమిటి మాస్టారూ? పైగా ఏకగ్రీవం అంటే అందరి మెడా ఒకటే అని. ఎవరి మెడ?

తెనాలి మాస్టారు మళ్ళీ:
బాగా పట్టుకున్నారు. నా దగ్గర గట్టి జవాబు లేదు. ఒక్క మనిషే మిగిలితే ఒకటి దగ్గరే లెక్క ఆగింది, అంతే అనుకోవాలి. మాటకు అర్థం పాదులో ఉండదు, వాడుకలో ఉంటుంది. ఇప్పుడు ‘ఎన్నిక’ అన్నది ఒక చట్టపు పేరు. రిటర్నింగ్ అధికారి సర్టిఫికెట్ ఇస్తే అది ఎన్నికే, లెక్కించినా లెక్కించకపోయినా. ఇలాంటి చోటే నాకు మీ సీమ అవ్వ మాట ముచ్చటగా ఉంటుంది. వేసేది వేరు, ఎంచేది వేరు అని విడగొట్టింది. నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ రెండింటినీ ఇంత తేలిగ్గా నేనెప్పుడూ విడగొట్టలేదు.

అడిగిన నేను:
అందరికీ థాంక్సండీ. సిద్దిపేట అన్నా, మోదుగుకు ఏ పార్టీ అన్న మీ అబ్బాయి ప్రశ్న మా హాస్టల్లో చెప్పాను, రాత్రి పన్నెండు దాకా గొడవ నడిచింది. పూవుకు రంగుంది, పువ్వుకు గుర్తు లేదు అని ఒకమ్మాయి అంది. గుర్తు కూడా ఉంది కదే అని ఇంకో అమ్మాయి. అక్కడితో ఆపాం.

ఇక్కడ నా కిటికీ ముందు కానుగ చెట్టుంది. మార్చిలో మొత్తం ఆకు రాల్చేసి, రెండు వారాల్లో నూనె రాసినట్టు మెరిసే కొత్త ఆకు వేసుకుంది. ఎప్పుడు మారిందో నేను చూడనే లేదు, పొద్దంతా ఫోన్లో సర్వేలు చూస్తున్నాను. ఏ సర్వే చూసినా ఒకటే తంతు, ఎవరిది వాళ్ళనే గెలిపిస్తుంది. ఉగాది రోజు పంచాంగ శ్రవణం కూడా అంతే. పేరు చూస్తే క్రోధి సంవత్సరం, కానీ ఏ పార్టీ ఆఫీసుకు పోయినా అందరికీ రాజపూజ్యమే.

నిన్న అవ్వకు ఫోన్ చేసి మీరు రాసిందంతా చదివి వినిపించాను. ఏడు విడతల సంగతి విని, “అట్ల చెప్పు మరి, మనది వేసేసినాక వాళ్ళది చూడాల గదా” అంది. వేమన పద్యం తనకు మొత్తం వచ్చు, నన్ను ఆపి తనే పూర్తి చేసింది. తర్వాత, ఎన్నిక అనే మాట నువ్వు ఎప్పుడైనా వాడతావా అవ్వా అని అడిగాను.

“ఎన్నికేంది, ఓట్లనే గదా అంటాం” అంది, అచ్చం సిద్దిపేట అన్నలాగే. అని వెంటనే, “వేపపువ్వు ఎండింది, డబ్బాకు ఎత్తినా. నువ్వు వచ్చేది ఎప్పుడు?”

మాకు అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు కాబట్టి రెండు ఓట్లు వేయాలి. మే 13 సోమవారం. బస్సులన్నీ నిండిపోయాయి. శనివారం రాత్రికి ఆఖరి వరసలో ఒక సీటు దొరికింది, వెనక చక్రం మీద.

“ఆదివారం పొద్దునకు ఉంటా” అన్నాను.

“ఉండు, ఎంచుకుంటా” అని అవ్వ వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. లైన్లో గొణుగుతూ లెక్క వినిపిస్తోంది.