సమస్యాపూరణం: ‘పడమటి దెసను తొలిపొద్దు పొడిచెఁ జూడ’

నిర్వాహకుడు:
ఈసారి తేటగీతి పాదం, ఇది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూర్తిచేయాలి. ఆకు రాలే కాలం చివర్లో ఆల్ప్స్‌కి వెళ్లి ఫొటోలకు చోట్లు వెతుక్కునే సందర్భానికి అన్వయించాలి. పాదంలో ఉన్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం (పడ–పొడి), కాబట్టి యతి తప్పిందని ఎవరూ గొడవకి రావద్దు.

ట్రైపాడ్ బావ:
స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ ఊరి పైన రిఫెల్‌జే చెరువు దగ్గర నిలబడి రాసుకున్నది.

లోయ చీకటిలో నుండ, లోకమింక
నిదుర లేవక మున్నె యా నిండు మంచు
కొండ తూరుపు మొగమునఁ గుంకుమద్ది
పడమటి దెసను తొలిపొద్దు పొడిచెఁ జూడ

మ్యూనిక్ మేష్టారు:
బావగారూ, భేష్. ‘తూరుపు మొగము’ అన్న ఒక్క మాటతో చిక్కు విడిపోయింది. ఆ చెరువు నుంచి మాటర్‌హార్న్ దాదాపు సరిగ్గా పడమరన ఉంటుంది. 4478 మీటర్ల శిఖరం కాబట్టి ఎండ ముందు దాని నెత్తిన పడుతుంది, ఆ తర్వాతే మెల్లగా కిందికి దిగుతుంది. మూడో పాదంలో క-గ యతి కూడా హాయిగా కుదిరింది. చదివేవాళ్ల కోసం ఒక మాట: గోర్నర్‌గ్రాట్ రైల్లో రోటెన్‌బోడెన్‌లో దిగి కొంచెం కిందికి నడిస్తే చెరువు వస్తుంది. అయితే మొదటి రైలు సూర్యోదయానికి ముందే చేరుస్తుందో లేదో టైమ్‌టేబుల్ చూసుకోండి. అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, ఆ లెక్కా మరిచిపోవద్దు. నవంబరులో చెరువు గడ్డకట్టేసి ఉండొచ్చు. అప్పుడు నీటిలో కొండ నీడ దొరకదు. రైలు కుదరకపోతే జెర్మాట్ ఊళ్లోని వంతెన మీద నిలబడినా ఆ కుంకుమ కనిపిస్తుంది, కాకపోతే పక్కన జనం ఉంటారు.

లోయలో నేను:
నాది ఇటలీ వైపు, డోలమైట్స్ కొండల్లోని ఫూనెస్ లోయ.

ఫూనెసను లోయ గుడి చెంతఁ బొడుగు చెట్లు
పసిడి రాల్చుచు నిలువంగ బండలపయి
సూది కొనలందు వెలుగులు చొప్పడంగ
పడమటి దెసను తొలిపొద్దు పొడిచెఁ జూడ

మ్యూనిక్ మేష్టారు:
ఛందస్సుకు వంక లేదు. పసిడి రాల్చే చెట్లంటే లార్చ్‌లే కదా, బాగుంది. సూదుల్లాంటి ఆకులున్న చెట్లలో ఏటా ఆకు రాల్చేవి అరుదు, ఇది వాటిలో ఒకటి. చిక్కంతా దిక్కుతోనే. రనూయి దగ్గరి సెయింట్ జాన్ చిన్న గుడి ముందు నిలబడితే ఓడ్లే శిఖరాలు మీకు ఆగ్నేయం వైపున ఉంటాయి. పొద్దున్న సూర్యుడు వాటి వెనక నుంచి వస్తాడు. మీ కెమెరాకి దొరికేవి నల్లటి ఆకారాలే. అక్కడ అసలు ఆట సాయంత్రానిది. మూడో పాదం మార్చి చూడండి.

లోయలో నేను:
మ్యాప్‌లో గుడికి పిన్ పెట్టుకున్నాను గానీ బాణం గుర్తు చూడలేదండీ. ఇదిగో:

సందె కెంజాయ నుదయమ్ము సంశయింప

మ్యూనిక్ మేష్టారు:
ఇప్పుడు పద్యమూ నిలబడింది, ఫొటోకి వేళా కుదిరింది! పడమట దిగుతున్న సూర్యుణ్ణి చూసి తెల్లారుతోందని భ్రమపడటం చక్కటి పూరణ. ఆ రాతి గోడలు సందెవేళ ఎర్రబడటాన్ని అక్కడివాళ్లు ఎన్‌రోసదీరా అంటారు.

పద్యం పిచ్చి:
నేను అదే డోలమైట్స్‌లోని బ్రాయెస్ చెరువు మీద రాశాను. ‘చెరువు కదలక నిద్రింప నీటిలోన’ అని ఎత్తుకుని, నీటిలో దిక్కులు తారుమారయ్యాయని ముగించాను.

మ్యూనిక్ మేష్టారు:
చె–నీ యతి చెల్లదు. ‘చెరువు కదలక నిద్రింపఁ జిలుగునీట’ అనండి, సరిపోతుంది. కానీ భావమే ఒప్పలేను. నీటిలో కొండ తలకిందులవుతుంది గానీ తూర్పు పడమర కాదు. పోలరైజర్ (నీటి మీది మెరుపు తగ్గించే లెన్స్ ఫిల్టర్) మాత్రం చూసి తిప్పండి. ఎక్కువ తిప్పితే ఆ నీడ కాస్తా మాయమవుతుంది.

తుంటరి:

ఫోను తొడుగునయస్కాంత పుణ్యమేమొ
దిక్కుసూచికిఁ దికమక తిప్పలాయె
తూర్పు పడమరగా మారి తోఁచె నందు
పడమటి దెసను తొలిపొద్దు పొడిచెఁ జూడ

నిర్వాహకుడు:
హహ! మేష్టారూ, దీనికేమంటారు?

మ్యూనిక్ మేష్టారు:
ఫో–పు, ది–తి, తూ–తో... పట్టుకుందామంటే ఒక్కటీ దొరకలేదు. అయస్కాంతం కవరు దిక్కుసూచిని నిజంగానే పక్కకి లాగుతుంది. కొండల మీద కవరు తీసి చూడటమే మంచిది. హాస్యానికి నా ఓటు ఇదే, అయినా మొదటి స్థానం బావగారికే.

ట్రైపాడ్ బావ:
ధన్యవాదాలు. నవంబరు మొదటి వారంలో వెళ్దామంటున్నారు ఇంట్లో. ఏమంటారు?

మ్యూనిక్ మేష్టారు:
లార్చ్‌ల కోసమైతే ఆలస్యమే, పై ఎత్తుల్లో చాలావరకు రాలిపోయి ఉంటాయి. చాలా కేబుల్‌కార్లు ఆ రోజుల్లో మరమ్మతులకి మూతపడతాయి, నడవలేని పెద్దవాళ్లుంటే ముందే కనుక్కోండి. లోతైన లోయల్లో ఎండ కొద్దిసేపే ఉంటుంది. అయితే ఆ నెలలో ఒక లాభం ఉంది. స్విట్జర్లాండ్ మైదానం మీద పొగమంచు దుప్పటి పరుచుకున్న రోజున 1798 మీటర్ల రీగి లాంటి కొండెక్కండి. మంచు మట్టం ఆ ఎత్తు కంటే కిందే ఉందో లేదో పొద్దున్నే వెబ్‌కామ్‌లో చూసుకోండి. కిందే ఉంటే కాళ్ల కింద తెల్లటి సముద్రం, పైన ఎండ. ఆ రోజు ఏ దిక్కుకి తిప్పినా ఫ్రేమే.

నిర్వాహకుడు:
వచ్చేవారం సమస్య: ‘నీరు గడ్డకట్టిన చోట నిప్పు రగిలె’. ఇదీ తేటగీతే. శనివారం రాత్రిలోగా పంపండి.