‘ఫీమా యజ్‌ఉమూన’కు మన ‘ట’ సరిపోతుందా?

ప్రశ్న: ఇబ్నె ఇస్‌హాఖ్ అరబ్బీలో రాసిన సీరత్ (ప్రవక్త జీవిత చరిత్ర)లో బహీరా కథను తెలుగు చేస్తున్నాను. అబూ తాలిబ్ వర్తక బిడారుతో సిరియా వెళ్తాడు, వెంట బాలుడైన ముహమ్మద్. బుస్రాలో బహీరా అనే క్రైస్తవ సన్యాసి ఆ పిల్లవాడికి మేఘం నీడ పట్టడం చూస్తాడు. ఈ కథలో ‘ఫీమా యజ్‌ఉమూన’ అన్న మాట పదేపదే వస్తోంది. ప్రతిసారీ ‘వాళ్లు చెప్పేదాన్ని బట్టి’ అని రాస్తే వాక్యం కుంటుతోంది. వదిలేయవచ్చునా?

జవాబు: వదలకండి. వదిలితే, ఇబ్నె ఇస్‌హాఖ్ పూచీ పడని కథకు మీరు ఆయన చేత పూచీ ఇప్పించినట్టవుతుంది. ప్రవక్త మరణం 632లో, ఈయన మరణం 767 ప్రాంతంలో. కళ్లారా చూసినవాడు కాదు. తెలిసినచోట ‘నాకు ఫలానావారు చెప్పారు, వారికి ఫలానావారు’ అని పేర్ల గొలుసు ఇస్తాడు. అదే ఇస్నాద్. బహీరా కథకు ఆ గొలుసు లేదు, ‘యజ్‌ఉమూన’ ఉంది.

పైగా మన చేతికొచ్చింది తర్వాతి సంపాదకుడు ఇబ్నె హిషామ్ కుదించిన పాఠం. చెప్పుకోవడానికి బాగుండనివి, కొందరిని నొప్పించేవి తీసేశానని ఆయనే మొదట్లో చెప్పాడు. కత్తెరను ఇలా బయటపెట్టే సంపాదకులు ఎప్పుడూ అరుదే. ఆ కత్తెరకూ తెగని మాటను మనం తెంచడం ఎందుకు? ‘మేఘం నీడ పట్టిందట’ అనండి, చాలు.

మరొకరు: ‘ఆయన పెద్ద పండితుడట!’ అంటే వెటకారం కదండీ. ‘యజ్‌ఉమూన’కు మూలమైన అరబ్బీ క్రియ ‘జఅమ’కూ ఆ మచ్చ ఉంది. ఖురాన్ 64:7లో తమను మళ్లీ లేపడం జరగదని అవిశ్వాసులు అన్నదానికి వాడింది ఈ మాటే. అక్కడ అది వట్టి బుకాయింపు. ప్రవక్త చరిత్రలో ఆ ధ్వని వస్తే ఎలా?

జవాబు: నిజమే. కానీ అరబ్బీ వ్యాకర్త సీబవైహి తన గురువు ఖలీల్ అభిప్రాయాన్ని చెబుతూ ‘జఅమల్ ఖలీల్’ (ఖలీల్ అన్నాడు) అంటాడు. గురువును వెక్కిరించడానికి కాదు గదా! రెండువైపులా వంగే మాట అది. మన ‘ట’ కూడా అంతే. ‘అక్కకు కొడుకు పుట్టాడట’లో అనుమానం ఎక్కడుంది?

ఒక్క జాగ్రత్త. ప్రతి క్రియకూ ‘ట’ తగిలిస్తే అమ్మమ్మ కథ అయిపోతుంది. మూలంలో ‘యజ్‌ఉమూన’ ఉన్నచోటే పెట్టండి. ఇస్నాద్ ఉన్నచోట అసలు వద్దు. చెప్పినవాడి పేరు అక్కడ ముఖ్యం, ‘చెప్పారు’ అనే రాయాలి.

ప్రశ్న: ‘సన్యాసి తన మఠంలోంచి చూశాడట’ అని రాసి చూశాను, బాగానే నడిచింది. మరి ‘ఫీమా బలగనీ’ సంగతి? దానికీ ‘ట’ చాలా?

జవాబు: చాలదు. ‘నా చెవిన పడినంతవరకు’ అని రాయండి. చెప్పినవాడి పేరు అక్కడా లేదు గానీ, విన్నవాడు ‘నేను’ అంటున్నాడు. ‘ట’ పెడితే ఆ ‘నేను’ పోతుంది.