కూత ఉంచాం సరే, తేదీ కూడా ఉంచెయ్యాలా?

పెన్నగట్టు:
నేనూ మా బావమరిదీ నెల్లూరు మూలాపేటలో మా మేడగదిలో చరిత్ర పాడ్‌కాస్ట్ చేస్తా ఉండాం. స్టూడియో అంటే పెద్దగా ఏం లేదు, గోడకి పరుపు ఆనించి, కిటికీకి బొంత కట్టి, ఫ్యాన్ ఆపేసి కూర్చోవడమే. మే నెలలో ఎట్టుంటాదో మీకు చెప్పక్కర్లేదు.

మొన్న మా నెల్లూరు సేనాని ఖడ్గతిక్కన ఎపిసోడ్. కాటమరాజుతో పోరులో వెనుదిరిగి ఇంటికొస్తే, భార్య చానమ్మ ఆడవాళ్లకి పెట్టినట్టు స్నానానికి నులకమంచం అడ్డంపెట్టి, నీళ్ల బిందె పక్కన పసుపుముద్ద ఉంచిందనీ, "ఇంట్లో ముగ్గురం ఆడవాళ్లమయ్యాం" అందనీ చాటువు కథ ఉండాది కదా. మావాడు గొంతు తగ్గించి "ఆ పసుపుముద్ద చూసిన తిక్కన..." అని ఆగాడో లేదో, కిందనుంచి మా అమ్మ కూత: "రేయ్, దిగొచ్చి ముందు నీళ్లు పోసుకోండ్రా, చెమట కంపు!" మైకు కిందపడింది. రెండు నిమిషాలు నవ్వే. అది అట్నే ఉంచేశాం, అందరికీ నచ్చింది.

అసలు గొడవ మోటుపల్లి పాత రేవు ఎపిసోడ్‌ది. కాకతీయ గణపతిదేవుడి అభయశాసనంలో ఉండేది శకవర్షం 1166. నేను జోరుమీద "క్రీస్తుశకం 1166లో" అనేశా. 78 కలిపితే 1244 కావాల. ఇంకా ఘోరం, పావుగంట తర్వాత మావాడు "1199లో పట్టానికొచ్చిన గణపతిదేవుడు" అంటాడు, నేను "అవునవును" అంటా. అంటే సింహాసనం ఎక్కకముందు 33 ఏళ్లకే శాసనం వేయించాడన్నమాట! ఎడిటింగ్‌లో ఇద్దరం విన్నాం. దగ్గులు కోసేశాం, దీన్ని పట్టుకోకుండా ఎపిసోడ్ వదిలేశాం.

అదీ ఉంచుదాం, నవ్వుకుంటారులే అంటాడు మావాడు. నాకు మనసొప్పడంలా. ఏంజేద్దాం?

ఒంగోలు గిత్త:
ఉంచన్నా. చరిత్ర చెప్పేవాళ్లంతా పాఠం ఒప్పజెప్పినట్టు చెప్తారు. మీది వింటే అరుగుమీద కూర్చున్నట్టుంటది. తప్పులన్నీ ఏరేస్తే ఆ అరుగు పోద్ది.

కందుకూరు మేష్టారు:
అమ్మగారి కూత తప్పు కాదు నాయనా, అది ఇల్లు. తేదీ అట్టా కాదు. నేను 30 ఏళ్లు సోషల్ చెప్పాను. పిల్లవాడు పుస్తకంలో చదివింది మర్చిపోతాడు, నవ్వుతూ విన్నది మర్చిపోడు. మీరు ఎంత బాగా నవ్విస్తే ఆ 1166 అంత గట్టిగా అతుక్కుంటుంది.

పైగా ఆ శాసనం సంగతి చిన్నదా? గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల సరుకు అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లు. ఇక అట్టా లాక్కోము, సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు రాతిమీద మాటిచ్చాడు. అంత మాటకు తేదీ సరిగా చెప్పకపోతే ఎట్టా?

మోటుపల్లిలోనే ఇంకో పాఠం ఉంది. మార్కోపోలో దాన్ని ముత్ఫిలి అన్నాడు. అక్కడ ఏలుతున్న రాణి, చనిపోయిన రాజు భార్య అని చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి, గణపతిదేవుడికి కూతురు! జెనోవా జైల్లో పోలో చెబుతుంటే తోటి ఖైదీ రుస్తికెల్లో రాసుకున్నాడు. ఆ రోజుల పాడ్‌కాస్ట్ అనుకోండి. ఎడిటింగ్‌లో పట్టుకునేవాడు లేక కూతురు ఏడొందల ఏళ్లుగా పెళ్లాంగానే ఉండిపోయింది.

ఒంగోలు గిత్త:
ఆ తప్పు ఉండబట్టే కదా మేష్టారూ ఇప్పుడు మీరింత రుచిగా చెప్పింది!

కందుకూరు మేష్టారు:
తప్పని తెలిసినవాడికి రుచి. తెలియనివాడికి అదే చరిత్ర.

అద్దంకి కుర్రోడు:
అన్నా, నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తా. ఆ ఒక్క అంకె మళ్లీ చెప్పి అతికించు, ఎవరికీ తెలీదు. మా ఊళ్లో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న ఎర్రన చేసిందీ అదేగా. నన్నయ భారతంలో అరణ్యపర్వం సగంలో వదిలితే, కవి తిక్కన (మీ ఖడ్గతిక్కన కాదు) దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్య ఖాళీని ఎర్రన నన్నయ పేరుమీదే పూరించాడు. మొదట్లో నన్నయలాగా, చివరికొచ్చేసరికి తిక్కనలాగా. అతుకు కనపడదు.

మైపాడు కెరటం:
తమ్ముడూ, ఎర్రన పూరించింది లేనిదాన్ని. ఉన్న తప్పుమీద చప్పుడు కాకుండా మాసిక వెయ్యలేదు. ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నోళ్ల ఫోన్లో 1166 ఉంటాది, కొత్తగా వినేవాళ్లకి 1244. ఇద్దరూ టీకొట్టు దగ్గర కొట్టుకుంటే ఎవురు సర్దిచెప్తారు? తప్పు అట్నే ఉంచి, ముందుగా "ఇక్కడ నేను పొరబడ్డా" అని గొంతుతో చెప్పాల. కింద రాస్తే ఎవురు చదవతారు? మనం వంట చేస్తా వినేవాళ్లం.

కందుకూరు మేష్టారు:
దీనికి నేనూ సరే. కానీ ఎపిసోడ్ మొదట్లోనే చెప్పాలి, చివర్లో కాదు. చివరిదాకా ఎవరుంటారు?

పెన్నగట్టు:
మేష్టారూ, కెరటం అక్కా, మీ మాట ప్రకారమే నిన్న రాత్రి కూర్చున్నాం. అతికించడం కూడా ఒకసారి చూశా తమ్ముడూ. నాకిప్పుడు జలుబు, ఆ ఒక్క అంకె మాత్రం వేరే మనిషెవరో పలికినట్టుండాది.

సరేనని సవరణ రికార్డు చేశా. "శ్రోతలకు క్షమాపణలు. అది శకవర్షం. 1166కి 78 కలిపితే 1254" అన్నా, మంచి గంభీరంగా. మావాడు తలూపాడు కూడా.

కిందనుంచి అమ్మ: "నలభై నాలుగురా!"

మావాడు దీన్ని కోయనివ్వనని మెషిన్ పట్టుకుని కూర్చున్నాడు.