జీతం ఉన్నవాళ్లు బొమ్మను సగం ధరకి అమ్మితే, దాని మీదే బతికేవాళ్ల సంగతేంటి?

స్వర్ణముఖి ఒడ్డు (శ్రీకాళహస్తి)

అందరికీ నమస్కారం. నేను కలంకారీ గీస్తాను. వేరే ఆదాయం లేదు. ఇంటి అద్దె, పాప ఫీజు అన్నీ దీంట్లోంచే. ఈమధ్య నా దగ్గర ఎప్పుడూ కొనే ఆవిడ ఒక ఫోటో పంపి, "ఇలాంటి దుపట్టానే బెంగళూరులో ఒకమ్మాయి సగం ధరకి ఇస్తోంది, మీరెందుకింత చెప్తారు?" అని అడిగారు. ఆ పని చూశాను. బాగుంది, చేత్తో గీసిందే. ఆ అమ్మాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాల్లో గీస్తుందట. గుడ్డ ఖర్చు, రంగుల ఖర్చు వస్తే చాలని తనే రాసుకుంది.

అచ్చు గుడ్డతో పోటీ మాకు కొత్త కాదు. చీరల కొట్లలో కలంకారీ అని అమ్మేదాంట్లో చాలావరకు మిల్లు అచ్చే. మా పనికి జీఐ గుర్తింపు (ఊరి పేరుతో పేరొచ్చిన వస్తువుకి చట్టం ఇచ్చే గుర్తింపు) ఉన్నది 'శ్రీకాళహస్తి కలంకారీ' అనే పేరుకి, కాబట్టి ఉత్త 'కలంకారీ' అని రాసుకునేవాళ్లను ఆపడం కష్టం. అయినా ఆ గుడ్డనీ మా గుడ్డనీ పక్కపక్కన పెట్టి తేడా చూపించొచ్చు. గీత ఎక్కడ లావైందో, కలం మళ్లీ ఎక్కడ ముంచామో కనిపిస్తుంది. చేత్తో గీసిందే సగం ధరకి వస్తే నేనేం చూపించాలి?

తెలియనివాళ్ల కోసం పని చెప్తాను. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పాలలో నానబెట్టి ఎండబెట్టాలి. పాలలో కొవ్వు తక్కువైతే కలం పెట్టగానే రంగు పాకిపోతుంది. కాల్చిన చింతపుల్లతో బొమ్మ గీసుకుని, బెల్లం, తుప్పు ఇనుము రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లతో గీత వేయాలి. గుడ్డలో కరక్కాయ ఉంటేనే ఆ గీత నల్లబడుతుంది. తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు, ఆరబెట్టడం, పారే నీళ్లలో ఉతకడం, ఉడకబెట్టడం, పసుపు, నీలం, మళ్లీ ఉతుకు. ఎండ లేకపోతే పని ఆగిపోతుంది. మొత్తం ఖర్చులో గుడ్డ, రంగులు చిన్న భాగం. మిగతాదంతా మనిషి పొద్దు. ఆ పొద్దుకి ధర కట్టకుండా అమ్మేవాళ్లుంటే, పొద్దు తప్ప ఇంకేమీ లేనివాళ్లం ఏం కావాలి? ఉద్యోగం ఉన్నవాళ్లు కూడా ఒక కనీస ధరకి కట్టుబడాలని నేనంటాను. మీరేమంటారు?

గోదారిగట్టు (రాజమండ్రి)

అక్కా, మీ బాధ అర్థమైంది గానీ మీ మాట ఒప్పుకోలేను. నేను బ్యాంకులో పనిచేస్తాను, సాయంత్రాలు నీటిరంగులు వేస్తాను. మా ఊళ్లో దామెర్ల రామారావు గారి చిత్రాలు చూస్తూ పెరిగినవాణ్ణి. మనవైపు గోడకు తగిలించే బొమ్మల మీదే బతికినవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే. కాపు రాజయ్య గారు సిద్దిపేటలో డ్రాయింగు మాస్టారు. బాపు గారు పత్రికలకీ, పుస్తకాల అట్టలకీ, ప్రకటనలకీ, సినిమాలకీ పనిచేశారు. వేరే పని ఉండటం వల్ల వాళ్ల బొమ్మ పలచబడిందా? నా విషయంలో అయితే జీతమే నన్ను నిలబెట్టింది. అమ్ముడవుతుందని నాకిష్టం లేని బొమ్మ ఒక్కటీ వేయలేదు.

నా దగ్గర కొనేది బడి టీచర్లు, కొత్తగా చిన్న ఇల్లు కట్టుకున్నవాళ్లు. నేను ధర రెట్టింపు చేస్తే వాళ్లు మీ దగ్గరికి రారు, ఆ గోడకి క్యాలెండర్ తగిలిస్తారు. చౌకగా ఒక బొమ్మ కొన్న ఇంట్లో రేపు ఖరీదైన బొమ్మకి కూడా చోటుంటుందని నేను నిజంగా నమ్ముతాను.

చేర్యాల పటం (సిద్దిపేట జిల్లా)

నేను కథ చెప్పనీకి చూపెట్టే బొమ్మల పటాలు గీసే నకాశీ ఇంట్ల పుట్టినోన్ని గాదు, నేర్సుకున్నోన్ని. మా దగ్గర పటం గీసెటోళ్లకు కొనెటోళ్లు ముందుగాలనే ఖాయం ఉండేటోళ్లు. కాకిపడగలోళ్లు ముదిరాజులకు కథ చెప్పెటోళ్లు, కూనపులోళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పెటోళ్లు. పటం పాతగైతే కొత్తది గీపిచ్చుకునేటోళ్లు. కథ వినెటోళ్లు తగ్గంగనే పటం గిరాకి పోయింది. ఇంకో నకాశాయన అగ్గువకు అమ్మిండని పోలే.

ఇప్పుడు ఎక్కువ నడిచేది చిన్న ఫ్రేములు, చింతగింజల పిండి, రంపపు పొట్టుతోని చేసే మాస్కులు. కొనెటోళ్లను కొత్తగ తెచ్చుకున్నరు కాబట్టే ఆ ఇండ్లల్ల ఇయ్యాల బువ్వ పుడుతున్నది. అక్కా, ఆ బెంగళూరు పిల్లను పట్టుకుంటే ఏమొస్తది? గిరాకి పెంచుడు జూడాలె.

నీలిగీత (హైదరాబాద్)

అందరూ ధర దగ్గరే ఆగిపోయారు. నేను పుస్తకాలకీ కంపెనీలకీ బొమ్మలు వేసి బతుకుతున్నాను. నన్ను దెబ్బతీసేది ఒప్పంద కాగితం. 1957 కాపీరైటు చట్టంలో సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి ఎవరైనా చిత్రం వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. వేసిన మనకి కాపీరైటు మిగలదు. సెక్షన్ 19 ప్రకారం హక్కులు రాసిచ్చే కాగితంలో ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లు, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ఈ రెండూ తెలిస్తే నెల గడిచే తీరే మారిపోతుంది, ఎందుకంటే హక్కు మనదేనని ముందే రాయించుకుంటే, అదే బొమ్మని ఇంకోచోట ఇంకోరకంగా వాడితే మళ్లీ డబ్బు అడగొచ్చు.

ఉద్యోగస్తులతో నా గొడవంతా ఇక్కడే. "పేరు వేస్తే చాలు" అని శాశ్వత హక్కులు, ప్రపంచమంతటికీ, సంతకం పెట్టి ఇచ్చేస్తారు. నెల తిరక్కుండా అదే కంపెనీ అదే కాగితం నా ముందు పెట్టి "అందరూ ఒప్పుకుంటున్నారు" అంటుంది. ఒక బొమ్మని తక్కువకి ఇస్తే ఆ బొమ్మ వరకే నష్టం. షరతు వదిలేస్తే అదే ఆనవాయితీ అయి కూర్చుంటుంది. సగం డబ్బు ముందు తీసుకోవడం, వాడకం ఎంతవరకో రాయించుకోవడం, ఈ రెండూ జీతం ఉన్నా లేకపోయినా ఎవరూ వదలకూడదు.

చిత్రావతి (ధర్మవరం వైపు)

నిమ్మలకుంట మాకు దగ్గరే. రాత్రంతా తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు ఇప్పుడు అదే మేకతోలుతో ల్యాంప్‌షేడ్లు చేసి బతుకుతున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, మా అందరికీ గర్వమే. కానీ పద్మశ్రీతో పైసా రాదు. కిన్నెర మొగులయ్య గారు 2022లో ఆ బిరుదు అందుకున్నారు, 2024లో కూలి పనికి పోతున్నారని వార్తలొచ్చాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ పెద్ద వయసు కళాకారులకిచ్చే సాయం నెలకి 6,000 రూపాయలకు మించదు, అదీ 60 ఏళ్లు దాటాక. కాబట్టి చేసిన వస్తువుకి వచ్చే ధరే దిక్కు. అంతవరకు స్వర్ణముఖి అక్క మాటే నా మాట.

అయితే అక్కా, ఒకటి అడగాల. మీ ఊర్లో గీత ఒకరు వేస్తే రంగులు నింపేది వేరే ఆడవాళ్లు, చాలాచోట్ల ముక్క లెక్కన. వాళ్ల పొద్దుకి ఎవరు ధర కడతాండారు? కనీస ధర బెంగళూరమ్మాయికి మాత్రమేనా, వర్క్‌షాపులకి కూడానా?

స్వర్ణముఖి ఒడ్డు

అడగాల్సిందే అడిగారు. నేను ఆ ముక్క లెక్కలోంచి వచ్చినదాన్నే. పెళ్లికి ముందు ఒక వర్క్‌షాపులో రంగులు నింపేదాన్ని. గుడ్డ మీద సంతకం యజమానిది. రంగు పాకితే ఆ ముక్కకి డబ్బు లేదు. ఇప్పుడు నా దగ్గర ఇద్దరు పనిచేస్తారు. రోజు కూలి ఇస్తాను, వాన పడి పని ఆగినా ఇస్తాను. నా ధర ఎక్కువ కనిపించేది అందుకే.

ఈ సగం ధర ఎక్కడిదాకా పోతుందో చెప్తాను. బెంగళూరు దుపట్టా ఫోటో కొట్టువాళ్లు చూస్తారు. వాళ్లు మా ఊరి వర్క్‌షాపుకి ఫోన్ చేసి "చేతిపని ఈ ధరకే వస్తోంది కదా" అంటారు. వర్క్‌షాపాయన గుడ్డ ధర తగ్గించలేడు, పాల ధర తగ్గించలేడు, కరక్కాయ తగ్గించలేడు, కొరియర్ తగ్గించలేడు. తగ్గించగలిగేది రంగు నింపే మనిషి కూలి ఒక్కటే. ఆమె పేరు ఎక్కడా ఉండదు, ఆమె వచ్చి ఇలాంటిచోట చర్చా పెట్టదు. బెంగళూరమ్మాయి తన ఆదివారాన్ని ఉచితంగా ఇచ్చాననుకుంటోంది. ఆ ఉచితానికి ఇక్కడ ఇంకొకామె వారం కూలి తెగుతోంది. కాబట్టి చిత్రావతి గారూ, కనీస ధర అందరికీ. ముందు వర్క్‌షాపులకే.

చేర్యాల తమ్ముడూ, గిరాకి పెరగాలన్నది నిజం. కానీ గిరాకి పెరిగిన ఏడాది కూడా మా ఊళ్లో ముక్క ధర అంతగా పెరగలేదు, నేను చూశాను. గోదారిగట్టు గారూ, టీచర్లకి చౌకగా ఇవ్వాలనుంటే చిన్న బొమ్మ వేసి ఇవ్వండి. కొలత తగ్గించండి, పని తగ్గించండి. స్నేహితులకైతే ఊరికే ఇవ్వండి, ఎవరూ అడగరు. అమ్మకానికి పెట్టాక మాత్రం జీతం లేనివాడు ఎంతకి అమ్మితే బతుకుతాడో అంతకి అమ్మండి.

గోదారిగట్టు

చిన్న బొమ్మ మాట బాగుంది, తీసుకుంటాను. కూలి దాకా ఆలోచించలేదు ఎవరూ, నాతో సహా ఇక్కడ ఉద్యోగస్తులెవరూ. కానీ పొద్దు లెక్క దగ్గర నాకు చిక్కుంది. నేను నిదానంగా వేస్తాను. మీరు ఒక రోజులో చేసేది నాకు మూడు రోజులు. పొద్దుకే ధర కడితే నా బొమ్మ మీదానికంటే ఖరీదవ్వాలి. చేయి తిరగనివాణ్ణి, ఆ డబ్బు ఏ ముఖం పెట్టుకుని అడగను?

నీలిగీత

మీ మూడు రోజులకి అడగొద్దు. ఆ కొలత పనికి చేయి తిరిగినవాళ్లు ఎంత తీసుకుంటున్నారో కనుక్కోండి, దానికి దిగువకి పోకండి.

చేర్యాల పటం

గట్లయితే నాసొంటోడు మొదటి ఫ్రేమ్ ఎన్నడు అమ్మేటోడు? మా గురువు పని, నా పని పక్కపక్కన పెట్టి ఒకటే ధర అంటే నాది ఎవ్వలు కొంటరు? నేను అగ్గువకు ఇచ్చిన, నాలుగు పైసలు చూసిన, గందుకే పని ఇడువలే. నాకైతే జీతం లేకుండె.

స్వర్ణముఖి ఒడ్డు

నీ సంగతి వేరు తమ్ముడూ. జీతం లేని కొత్తవాళ్లు తక్కువకి అమ్మితే అది వాళ్ల అన్నం, దాన్ని నేను అడ్డుకోను. "నేర్చుకునే చేతిపని" అని రాసి అమ్మితే కొనేవాళ్లకీ తేడా తెలుస్తుంది. నెల మొదట్లో ఖాతాలో జీతం పడేవాళ్లనే నేను అడుగుతున్నాను.

గోదారిగట్టు

ఇప్పటికీ కనీస ధర నియమం పెట్టాలంటే నేను ఒప్పుకోను. ధర ఎవరిది వాళ్లదే, ఇది ఇలాగే వాదిస్తాను. అయితే సంక్రాంతికి మా ఊళ్లో ప్రదర్శన పెడుతున్నాం, అందులో అందరం ఉద్యోగస్తులమే. చౌక బొమ్మలన్నీ చిన్న కొలతలోనే ఉండాలని మిగతావాళ్లతో మాట్లాడతాను. నీలిగీత గారు చెప్పిన వాడకం షరతు కూడా రసీదులో అచ్చు వేయిస్తాం. అక్కా, మీ ఊళ్లో రంగులు నింపే పనికి ఇప్పుడు రోజు కూలి ఎంత నడుస్తోందో ఇక్కడ రాయగలరా? వాళ్లకి చూపించాలి.

స్వర్ణముఖి ఒడ్డు

రాస్తాను. నేనిచ్చేదీ, బయట ముక్క లెక్కన వచ్చేదీ రెండూ రాస్తాను. ముందు నా దగ్గర పనిచేసే ఇద్దరినీ అడిగి.