మామిడి కాయలు కొన్నవాళ్లను వాట్సాప్‌లో నిలుపుకోవడం ఎట్టా?

ఉలవపాడు తోట:
4 ఎకరాల బంగినపల్లి. పోయినేడు 5 కిలోల పెట్టెలు హైదరాబాదు, చెన్నైకి నేరుగా పంపాం, 180 మంది దాకా కొన్నారు. అందర్నీ ఒకే గ్రూపులో వేశాం. సీజన్ అయ్యాక సగంమంది వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు గుడ్ మార్నింగులు పెట్టుకుంటున్నారు. బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపడం) పెడితే చాలామందికి ఒక టిక్కుతోనే ఆగిపోతోంది. ఏం చేయాలి?

కావలి శీనన్న:
ఒక టిక్కుకు కారణం సులువే. మీ నెంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. మీ ఫోన్లో వాళ్ల నెంబర్లు ఉంటే చాలదు. అందుకని ఆర్డరు ఖాయమైనప్పుడే "ఈ నెంబరు సేవ్ చేసుకుంటే కోత తేదీ ముందే తెలుస్తుంది" అని రాయండి. పెట్టె మూత లోపల కూడా అదే చీటీ అంటించండి, కాయ తింటూ చదువుతారు.

ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మంది పరిమితి. మీకు 180 మందే కాబట్టి సరిపోతుంది గాని ఊరిని బట్టి రెండుగా చేయండి. చెన్నై పెట్టెలు కదిలే రోజు హైదరాబాదు వాళ్లకు తెలియాల్సిన పనేముంది?

ఒంగోలు పద్మ:
గ్రూపు మూసేయడమే మేలు. అందులో ప్రతి ఒక్కరి నెంబరూ అందరికీ కనబడుతుంది. పక్కతోట వాడు ఒక్కడు చేరితే చాలు, మీ కొనుగోలుదారులంతా వాడి చేతిలో ఉన్నట్టే. పైగా సొన మచ్చ పడ్డ కాయ ఫొటో ఒకరు పెడితే గ్రూపులో ఉన్నవాళ్లంతా చూస్తారు. తేదీలు, ధరలు చెప్పడానికి ఛానెల్ పెట్టుకోండి, చేరినవాళ్ల నెంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు. దాంట్లో మాటామంతీ ఉండదు, అది వేరే సంగతి.

అసలు పని విడివిడిగా రాయడంలో ఉంది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. ఒక్కొక్కరి చాట్‌కు లేబుళ్లు, అంటే గుర్తు పేర్లు, పెట్టండి: "గట్టికాయ కావాలి", "పండు కావాలి", "ఫిర్యాదు". ఏప్రిల్లో లేబుల్ తెరిచి ఇట్టా రాయండి:

"అక్కా, పోయినేడు 2 పెట్టెలు తీసుకున్నారు. ఒకదాంట్లో 3 కాయలు మెత్తబడ్డాయన్నారు. ఈసారి గట్టిగా ఉన్నప్పుడే పంపుతాం, వరిగడ్డిలో 5, 6 రోజులు పెట్టుకుంటారా?"

దీనికి జవాబు రాయకుండా ఉండేవాళ్లు తక్కువ. అదే మాట 180 మందికీ అతికిస్తే మాత్రం పట్టేస్తారు.

ఉలవపాడు తోట:
సీజన్ లేనప్పుడు ఏం పెట్టాలి? చుట్టాలు కూడా కొంటారు, డబ్బులు అడగాలంటే మొహమాటం.

కావలి శీనన్న:
పండగ బొమ్మలొద్దు. జనవరిలో పూత, మార్చిలో పిందె, కోతకు వారం ముందు ఒకటి, అంతే. స్టేటస్ 24 గంటలే ఉంటుంది, కోత రోజుల్లో పొద్దున్నే పెట్టండి. కాయకు తొడిమ ఉంచి కోయడం, సొన కారనివ్వడం దగ్గర్నుంచి తీసిన ఫొటో చాలు, రంగులద్దొద్దు. తేనెమంచు పురుగుకు పూత సగం పోతే అదీ పెట్టండి. తర్వాత ధర పెరిగిందంటే ఎందుకో వాళ్లకు ముందే తెలిసుంటుంది.

ఒంగోలు పద్మ:
చుట్టాల డబ్బు సంగతి వాట్సాప్‌లో రాయొద్దు, ఫోన్ చేయండి. బాకీ మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఇంటి గ్రూపులో పెట్టారంటే పెళ్లిళ్లలో కూడా మొహం చూపలేరు. వచ్చే ఏడు నుంచి అందరికీ ఒకటే పద్ధతి, డబ్బు పడ్డాకే పెట్టె కదులుతుందని ముందే చెప్పేయండి. మేనమామకైనా సరే.