వసూలు 1.32 లక్షలు అంటున్నారు, ఆపరేటరు చేతికి వచ్చేదెంత?

గాజువాక కుర్రాడు:
గాజువాకలో ఒక పెద్దాయన తన కేబుల్ లైను అమ్ముతున్నారు. 400 కనెక్షన్లు, ఇంటికి బిల్లు 330 చిల్లర, నెలకు 1.32 లక్షల వసూలు అని చెబుతున్నారు. ఛానళ్లకీ, ఆపరేటర్లకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కంపెనీ ఎంఎస్ఓకీ కట్టాక ఎంత మిగులుతుంది? బేరం ఆడే ముందు ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
వసూలు చూసి ధర కట్టకండి బాబూ. నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు (కనెక్షన్ ఉన్నందుకు ఇల్లు నెలనెలా కట్టేది) 130, పే ఛానళ్ల ప్యాకేజీ 150 అనుకోండి. మొత్తం 280, దాని మీద 18 శాతం జీఎస్టీ 50.40. బిల్లు 330.40.

జీఎస్టీ ప్రభుత్వానిది. ప్యాకేజీ 150లో 20 శాతం, అంటే 30 రూపాయలు, పంపిణీ రుసుము కింద ఎంఎస్ఓ, ఆపరేటరు దగ్గర ఆగుతుంది. మిగతా 120 ఛానళ్లవాళ్లది. విడిగా ఒప్పందం కుదరకపోతే నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన వాటా ఎంఎస్ఓకి 55, ఆపరేటరుకి 45. ఆ లెక్కన మీకు ఫీజులో 58.50, పంపిణీ రుసుములో 13.50, వెరసి 72. నాలుగొందల ఇళ్లకి 28,800. జీతం, కరెంటు, తీగ ఖర్చు అన్నీ అందులోంచే.

ఇంటాయన ఖరీదైన ప్యాకేజీ తీసుకుంటే మీ రాబడి దండిగా పెరుగుతుందనుకోవద్దు. ప్యాకేజీలో ప్రతి 100కి మీకొచ్చేది 9 రూపాయలే. అదనంగా ఒక ఇల్లు చేరితే ఒక్క ఫీజులోనే 58.50. 2024 జులై నుంచి ఫీజుకి పై పరిమితి కూడా లేదు కాబట్టి, అక్కడ ఎంత వసూలు చేస్తున్నారో అడిగి లెక్క మళ్లీ వేసుకోండి.

ఉప్పుగాలి:
400 అన్నది పుస్తకంలో అంకె కావచ్చు. ఎంఎస్ఓ పోర్టల్ మీ ముందే తెరిపించి, గత 12 నెలల్లో నెలనెలా ఎన్ని బాక్సులు రీఛార్జ్ అయ్యాయో చూడండి. అద్దె ఇళ్లు ఎక్కువున్న వీధుల్లో వేసవి సెలవులకి సంఖ్య పడిపోతుంది, ఒక్క నెల చూస్తే మోసపోతారు. బాక్సులు ఆ ఎంఎస్ఓ సిగ్నల్‌కే పనిచేస్తాయి. రేపు వాటా నచ్చక వేరేవాళ్ల దగ్గరికి వెళ్తే ఇంటింటికీ కొత్త బాక్సు పెట్టాలి, ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోండి.

తరవాత లైను నడిచి చూడండి. మన తీరంలో ఉప్పుగాలికి ఎఫ్-కనెక్టర్లు (కేబుల్ కొసన బిగించే లోహపు మూతులు) తుప్పు పడతాయి, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. మీటరు తీసుకెళ్లి నాలుగు చివరి ఇళ్లలో కొలవండి. ఎంఈఆర్, అంటే సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే కొలత, 30 డీబీ పైన ఉంటే నిశ్చింత. 26కి దిగిందంటే ఆ కొసన కనెక్టర్లు, స్ప్లిటర్లు మార్చాల్సిందే, అది ధరలో తగ్గించండి. స్తంభాల అద్దె బాకీ కూడా అడగండి. హుద్‌హుద్ తరవాత నగరంలో కరెంటు తీగలు భూమిలోకి దించిన చోట్ల మన కేబుల్‌కి ఆధారం పోయింది. ఆ వీధులు ఈ లైనులో ఉన్నాయేమో కనుక్కోండి.

గాజువాక కుర్రాడు:
చాలా మేలు చేశారు సార్. జీఎస్టీ రిజిస్ట్రేషన్ నాకు అవసరమా?

లెక్కల మాస్టారు:
బిల్లు ఎవరి పేరున వెళ్తుందన్నదే ముఖ్యం. ఎంఎస్ఓ పేరున వెళ్తే మీ టర్నోవరు కమిషన్ మాత్రమే, ఏడాదికి 3.46 లక్షలు. మీ పేరున అయితే 280 మొత్తం మీ టర్నోవరు కిందే లెక్క, 400 ఇళ్లకి 13.44 లక్షలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే పరిమితి సేవలకి ఏడాదికి 20 లక్షలు, కాబట్టి ఇదే బిల్లుతో 596వ ఇల్లు చేరేసరికి దాటేస్తారు.

ఇంకోటి, ఆయన ఆపరేటరు రిజిస్ట్రేషన్ మీకు నడవదు, మీ పేరున కొత్తది తీసుకోవాలి. ఇప్పుడు అది బ్రాడ్‌కాస్ట్ సేవ పోర్టల్‌లో అవుతుంది, ఐదేళ్లకి 5,000 రుసుము. ఎంఎస్ఓ ఒప్పందం మీ పేరున రాసి చేతికి వచ్చేదాకా అడ్వాన్సు మించి ఇవ్వకండి.