వైఫైకి పాస్‌వర్డ్ తీసేస్తే నా మెడకి ఏమైనా చుట్టుకుంటుందా?

రాత్రిపక్షి:
అన్‌లిమిటెడ్ కనెక్షన్, ఇంట్లో వాడేది అందులో సగం కూడా ఉండదు, నలుగురికి పనికొస్తుందిలే అని పోయిన వారం రౌటర్‌కి పాస్‌వర్డ్ తీసేశాను. మూడు రోజులు బాగానే ఉంది. నాలుగో రోజు అర్ధరాత్రి రౌటర్ పేజీ తెరిచి చూస్తే మావి కాని ఫోన్లు ఏడు, వాటిలో ఒకటి ఆపకుండా ఏదో అప్‌లోడ్ చేస్తూనే ఉంది. టెన్షన్ వచ్చి మళ్లీ పాస్‌వర్డ్ పెట్టేశాను. నేను అనవసరంగా భయపడుతున్నానా?

తీగలమనిషి:
అనవసరంగా ఏం కాదండి. మీ రౌటర్ మీద ఎంతమంది ఉన్నా బయటికి కనిపించే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తుపట్టే నంబరు) మామూలుగా ఒక్కటే, ఆ కనెక్షన్ మీ పేరు మీద ఉంది. ఎవడో దాన్నుంచి బెదిరింపు మెయిల్ పంపితే ముందు తట్టేది మీ తలుపే. రౌటర్ లాగ్‌లో వాడి ఫోన్ మ్యాక్ అడ్రస్ (ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు నంబరు) దొరుకుతుందిగా అంటారేమో, ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు మామూలుగా నెట్‌వర్క్‌కొక ఉత్తుత్తి అడ్రస్ చూపిస్తున్నాయి. జర్మనీలో ఒక దుకాణదారు ఇలాగే వైఫై తెరిచి పెడితే, దాని మీదుగా ఎవరో పాట పంచారు. 2010 నాటి ఆ గొడవ మీద యూరోపియన్ యూనియన్ కోర్టు 2016లో తీర్పిచ్చింది: నష్టపరిహారం కట్టక్కర్లేదు, కానీ పాస్‌వర్డ్ పెట్టమని, అదీ తామెవరో చెప్పినవాళ్లకే ఇవ్వమని ఆదేశించొచ్చు. ఎవడో పంచిన పాటకి ఆరేళ్లు!

చెట్టుకింద:
మరీ అంత భయపెట్టకండి. భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయరే తన ఇంటి వైఫై తెరిచే ఉంచుతానని 2008లో రాశాడు, ఇంటికొచ్చినవాళ్లకి చేసే మర్యాద లాంటిదేనని ఆయన లెక్క. నాకా మాట నచ్చుతుంది. కాకపోతే ఇప్పుడు కెమెరా, టీవీ, ప్రింటర్ అన్నీ అదే నెట్‌వర్క్ మీద ఉంటున్నాయి, వాటిలో సగం కొన్నప్పటి నుంచి అప్‌డేట్ ముఖం చూడనివి.

నిదానంగా:
ఇవ్వాలనే ఉంటే గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టి అది ఇవ్వండి, అసలుది మూసే ఉంచండి. అందులో ఐసొలేషన్ (విడిగా ఉంచడం) ఆన్ చేస్తే గెస్ట్ ఫోన్లు ఒకదాన్నొకటి గానీ, మామూలుగా మీ ఇంటి ప్రింటర్ లాంటివాటిని గానీ చూడలేవు. స్పీడుకి హద్దు పెట్టండి, స్పామ్ పోకుండా పోర్ట్ 25 (మెయిల్ పంపే దారి) ఆపేయండి, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చినదే ఉంటే ముందు అది మార్చండి. కనెక్షన్ ఒప్పందం కూడా ఓసారి చదవండి, బయటివాళ్లకి పంచకూడదని చాలావాటిలో రాసుంటుంది.

ఇంకోటి, వాడుకునేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. పాస్‌వర్డ్ లేని మామూలు వైఫైలో గాలిలో పోయేదానికి తాళం ఉండదు. 2010లో ఫైర్‌షీప్ అని ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది, పక్కన కూర్చున్నవాడి లాగిన్‌ని ఒక్క క్లిక్‌తో ఎత్తుకుపోయేది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ (సైట్‌కి పోయే డేటాకి వేసే తాళం) వాడుతున్నాయి కాబట్టి అంత సులువు కాదు, అయినా ఏ సైట్లకి వెళ్తున్నారో చాలావరకు తెలిసిపోతుంది. మీ రౌటర్‌లో ఎన్‌హాన్స్‌డ్ ఓపెన్ అనే ఆప్షన్ ఉంటే పెట్టండి, పాస్‌వర్డ్ అడగకుండానే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పాత ఫోన్లు మాత్రం దానికి కనెక్ట్ కావు.

రాత్రిపక్షి:
గెస్ట్ నెట్‌వర్క్ పెట్టి, పాత ఫోన్‌తో ఎక్కి చూశాను. ప్రింటర్ ఇంకా కనిపిస్తోందేంటా అని గంట కొట్టుకున్నాక తెలిసింది, ఐసొలేషన్ టిక్ పెట్టాను కానీ సేవ్ నొక్కలేదు.